పచ్చచుక్క మొగుడు

పుట్టగానే నెత్తురు పరీక్షించి, తాగుబోతులయ్యేవాళ్ళ మణికట్టు మీద ఎర్రచుక్క, కానివాళ్ళకు పచ్చచుక్క పొడిచే కాలమది. చంద్రకళది ఎర్రచుక్క. జన్మలో మందు ముట్టకపోయినా, రోజూ మిల్లు గేటు దగ్గర గొట్టంలో ఊదితేనే ఆమెను పనిలోకి రానిస్తారు. బోనాలప్పుడు అమ్మవారికి సాక పోసే కల్లుముంతను కూడా అత్త ఆమె చేతికివ్వదు.

మొగుడు సాయిలుది పచ్చచుక్క. "మావోనికి తాగుడు రోగం పుట్టుకతోనే లేదు, ఎంత తాగినా ఏం గాదు" అంటూ చిన్ననాటి నుంచి పండగ పండగకూ వాడి గ్లాసు నింపింది ఆ అత్తే.

ఈ పొద్దున సాయిలు తాగి వాకిట్లో పడిపోయాడు. చంద్రకళ, అత్త కలిసి అతన్ని ఆటోలో తాగుడు మాన్పించే ఆసుపత్రికి తెచ్చారు. తలుపు దగ్గరి యంత్రం అతని మణికట్టు చూసి, "ఈయనకు తాగుడు జబ్బు రాదు. తీసుకెళ్ళండి" అంది.

"వచ్చి నెత్తి మీద కూసున్నది! నీ కండ్లల్ల మన్నువడ!" అని చంద్రకళ అరిచింది.

"నీ ఎర్రచుక్క పాపమే నా కొడుక్కి తగిలింది" అని అత్త శోకాలు మొదలుపెట్టింది.

చంద్రకళకు ఒళ్ళు మండిపోయింది. తన మణికట్టునే యంత్రం ముందు పెట్టింది.

"రండమ్మా, మీకు మంచం సిద్ధంగా ఉంది" అంటూ యంత్రం తలుపు తెరిచింది.

ఆమె మొగుణ్ణి రెక్క పట్టుకుని లోపలికి తోసి, అత్తవైపు తిరిగింది.

"పుట్టుకతోని లేనిదాన్ని పోసి పోసి పెంచినవ్ గదత్తా! ఇగ వాని పక్కన నువ్వే కూసో. నేను పోత. నేను తాగలేదని గేటుకాడ ఊదాలె."