సీసాలాయన

"తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపో," అన్నాడు మిల్లు మేనేజరు. "ఐదుగురు పిల్లల్ని పొట్టన పెట్టుకున్నావు. ఇంక నీ చేతి వంట మాకొద్దు."

క్యాంటీను వంటావిడ కొంగుకు కట్టుకున్న తాళాలు విప్పి బల్ల మీద పెట్టింది. గుమ్మం బయట క్వార్టర్సు జనమంతా మూగి ఉన్నారు. మొన్నమొన్నటి దాకా ఆవిడను అక్కా, పిన్నీ అని నోరారా పిలిచినవాళ్ళే. ఇప్పుడు ఒక్కరూ ఆవిడ మొహంలోకి చూడటం లేదు.

"కాస్త ఆగండి సార్," అంటూ జనాన్ని తోసుకుని లోపలికి వచ్చాడు ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు. క్వార్టర్సులో ఆయన పేరు ఎవరికీ తెలియదు. నెలకోసారి వచ్చి, ఇంటింటికీ తిరిగి, నీళ్ళ డ్రమ్ములో మోచేతి దాకా చేయి ముంచి సీసా నింపుకుపోతాడు కాబట్టి పిల్లలు ఆయనకు సీసాలాయన అని పేరు పెట్టారు.

"ఇంకా ఆగేదేముందండీ? జ్వరం వచ్చినవాళ్ళు ముప్పైమంది. అందులో పద్ధెనిమిది మంది ఈవిడ వంట తిన్నవాళ్ళే. మీ కాగితంలోనే ఉంది."

"ఉంది. కానీ అది సగం లెక్కే. జ్వరం రానివాళ్ళ సంగతేమిటి?"

"రానివాళ్ళతో మనకేం పని?"

"అసలు పని వాళ్ళతోనే." సీసాలాయన కాగితం బల్ల మీద పరిచాడు. అందులో ఐదు పేర్ల పక్కన ఎర్ర గుర్తులున్నాయి. వాటి మీద చూపు ఆనకుండా వేలు కిందికి జరిపాడు. "క్యాంటీన్లో తినేవాళ్ళు అరవైమంది. వాళ్ళలో పద్ధెనిమిది మందికి జ్వరం. అంటే నూటికి ముప్పై. ఇంట్లో వండుకునేవాళ్ళు నలభైమంది. వాళ్ళలో పన్నెండు మందికి జ్వరం. అదీ నూటికి ముప్పయ్యే. తిన్నా అంతే, తినకపోయినా అంతే. మరి తప్పు వంటదెలా అవుతుంది?"

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. "అయితే నీళ్ళా?"

"ట్యాంకు నీళ్ళు పరీక్ష చేయించాను. శుభ్రంగా ఉన్నాయి."

"నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా," అన్నాడు వెనకనుంచి మూలింటి ముసలాయన. "ఎవర్నీ గడప తొక్కనివ్వకూడదు. మా ఇంట్లో ఏడుగురం. ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు."

నిజమే. నీళ్ళ పరీక్షకని వెళ్తే, "నా డ్రమ్ములో చేయి పెట్టావంటే విరగ్గొడతా" అని సీసాలాయన్ని సైతం తరిమేసిన ఘనుడాయన. జ్వరానికి కూడా ముసలాయనంటే హడలేనని జనం నవ్వుకున్నారు, పిల్లలు పోవడం మొదలవక ముందు.

"లెక్కల మాట సరే," అన్నాడు మేనేజరు. "అనుమానం లేకపోతే ఆవిడ మలం సీసాలో పెట్టి పరీక్షకెందుకు పంపారు?"

"జ్వరం తగ్గినా కొందరి కడుపులో క్రిమి తిష్ట వేసుకుంటుంది సార్. మనిషి దుక్కలా తిరుగుతుంటాడు. చేయి పెట్టిన చోటల్లా అంటిస్తుంటాడు. అలాంటివాళ్ళు ఎవరో ఇక్కడ ఉన్నారు. ఆవిడ కాదని తేలాలి కదా."

ఆ సీసా ఇవ్వడానికి వంటావిడ సిగ్గుతో చచ్చిపోయింది. దొంగని చేసినట్టు నన్నొక్కదాన్నే చేశారని ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక, "మీరొక్కరే ఏంటమ్మా, నేనూ ఇస్తాను. పోల్చి చూడ్డానికి జబ్బులేని మనిషిది కూడా ఒకటి ఉండాలి" అని సీసాలాయన తనదీ జత చేసి పంపాడు.

ఇంతలో ల్యాబు మనిషి సైకిలు దిగి కవరు తెచ్చి ఇచ్చాడు.

సీసాలాయన దాన్ని వెంటనే చింపలేదు. ల్యాబు కవరు చేతికొచ్చినప్పుడల్లా ఆయనకు పాప గుర్తొస్తుంది. ఏడాది కిందట ఇదే జ్వరం ఆయన్ని పది రోజులు పట్టి వదిలేసి, ఆరేళ్ళ పాపను పట్టుకుపోయింది. "నాన్నా, నువ్వు పెడితేనే తింటా" అనే గొంతు, కంచం ముందు కూర్చుంటే చాలు, ఇప్పటికీ చెవి పక్కనే వినిపిస్తుంది. తిండి సయించదు. ఈ ఏడాదిలో మూడు చోట్లకు బదిలీ మీద తిరిగాడు. ఎక్కడికెళ్ళినా రెండు మూడు నెలలు తిరక్కుండా ఆ జ్వరం వెనకే వచ్చేది. తనను చంపినవాణ్ణి పట్టుకోమని పాపే దారి చూపిస్తోందనుకునేవాడు.

కవరు చింపి, అందరికీ వినపడేలా చదివాడు.

"మొదటి సీసా, వంటావిడది. క్రిములు లేవు."

వంటావిడ భోరుమంది. ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నా పరువు నిలబెట్టావు బాబూ. ఈ చేతులు చల్లగా ఉండాలి."

మేనేజరు తాళాలు ఆవిడ వైపు జరిపాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

"మరి మన పిల్లల్ని మింగిందెవరు బాబూ?" అని అడిగింది వంటావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

"దొరుకుతాడమ్మా. మా పాపని తీసుకెళ్ళింది కూడా వాడే అయ్యుంటాడు. దొరికేదాకా వదలను."

కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతూ, చదవకుండా వదిలేసిన కింది వరుస చూశాడు.

రెండో సీసా: క్రిములు ఉన్నాయి.