శనివారం వాదన

నాలుకకు తగ్గట్టు రుచి మార్చే గ్లాసులు ఇంటింటికీ వచ్చాక, చవక వైన్ల మీద ఫల్గుణరావు శనివారం వాదనలు ఆగిపోయాయి. ఎవరి గ్లాసులో వైన్ వాళ్లకు అమృతమే.

ఆ శనివారం అతను అటక మీంచి పాత స్టీలు గ్లాసులు రెండు దించి, ఒక చవక సీసా తెరిచాడు. గుక్క వేయగానే పళ్లు పులిసిపోయాయి. ప్రాణం లేచొచ్చింది. రెండో గ్లాసు నింపి, ఒకప్పుడు ప్రతి సీసాకీ తనతో పోట్లాడిన పక్క ఫ్లాట్ స్టెల్లా తలుపు తట్టాడు.

"ఒక్క గుక్క తాగి చెప్పండి. ఒట్టి పులుపు!"

ఆమె దాన్ని తన గ్లాసులోకి వంపుకుని తాగింది. "పులుపేంటండీ, ఎంత బావుందో!"

ఆమెదీ అబద్ధం కాదు.

ఇంటికొచ్చి రెండు గ్లాసులూ మళ్లీ నింపాడు. ఒకటి తాగి, "పులుపు" అన్నాడు. లేచి ఎదుటి కుర్చీలో కూర్చుని, రెండోది తాగి, "మరీ అంత పులుపేం కాదులెండి" అన్నాడు.