నల్లరాయికి పెట్టిన బొట్టు

“చీకటిపడ్డాక ఆ రాళ్ళతో పనేంటే పావనీ? నాకెందుకో గుండె దడగా ఉంది,” అంది నూకరత్నం.

భీమవరం దగ్గర తమ రొయ్యల చెరువు గట్టున, మేత షెడ్డులో, కాలేజీ ప్రాజెక్టుకని తెచ్చిన నల్లరాళ్ళను కూతురు పెట్టెల్లో సర్దుతోంది.

“ఇదంతా ఒకప్పటి సముద్రపు అడుగు బురదమ్మా. గాలి ఆడక, అందులో చచ్చినవి పూర్తిగా కుళ్ళలేదు. నీళ్ళలోని రాగినీ నికెల్‌నీ పట్టుకుని అలాగే ఉండిపోయాయి. రాయేమన్నా కరుస్తుందా?”

నవ్వుతూ, వేలి ఉంగరం తిప్పుకుంటూ పావని వెనక పెట్టెల వైపు వెళ్ళింది. కరెంటు పోయింది. చెరువులో నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి.

నూకరత్నం ఊరుకోలేక, కొంగున ముడేసుకొచ్చిన కుంకుమ తీసి, తడుముకుంటూ పెద్ద రాయికి బొట్టు పెట్టింది. రాయి గోరువెచ్చగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోబోతే రాలేదు. వేళ్ళు ఆడుతున్నాయి, బంగారు గాజు మాత్రం రాతికి అతుక్కుపోయింది.

“పావనీ.”

గట్టు మీద కప్పలు అరుపు మానేశాయి. ఆమె గాజును గట్టిగా లాగబోయింది.

అప్పుడు చీకట్లోంచి కూతురి గొంతు నిదానంగా వినిపించింది.

“లాగకమ్మా. గాజు దానికొదిలేసి నువ్వు బయటికెళ్ళిపో. నేను ఉంగరం కోసం లాగితే చెయ్యంతా పట్టేసుకుంది.”