తెల్ల గన్నేరు వస్తే ఆల్జీబ్రా

"నన్ను ఆల్జీబ్రాలో వేస్తే కొల్లేట్లో దూకేస్తాను!" అన్నాడు వీర్రాజు.

"దూకరా. ఈ ఎండలకి మోకాలి లోతు కూడా లేదు" అన్నారు వాళ్ళ నాన్న బుల్లిరాజుగారు.

గుండుగొలనులో బుల్లిరాజుగారింట రెండు రోజులుగా ఇదే గోల. వీర్రాజు ఎలాగో నాలుగో ఫారం గట్టెక్కాడు. అయిదో ఫారంలో ఆల్జీబ్రా, జామెట్రీ తీసుకుంటాడో, హిస్టరీ తీసుకుంటాడో రేపు బడి తెరవగానే చెప్పెయ్యాలి. ఆల్జీబ్రా చదివితే ఓవర్సీరవుతాడు, ఓవర్సీరైతే కాలవ లాకులు వాడి చేతిలో ఉంటాయి, లాకులు చేతిలో ఉంటే తమ చేలకి నీళ్ళు ముందొస్తాయి. అదీ బుల్లిరాజుగారి ఆలోచన. వీర్రాజుకి మాత్రం రాజులూ యుద్ధాలూ అంటే ప్రాణం, లెక్కలంటే చలిజ్వరం.

వాడికి నచ్చజెప్పడానికని లెక్కల మేష్టారు శేషగిరిరావుగారిని ఏలూరు నుంచి పిలిపించారు. ఆయన అరుగుమీద కూర్చుని చక్కెరకేళీ ఒలుచుకుంటున్నారు.

"మీరు చెప్పండి మేష్టారూ. మావాడికి ఆల్జీబ్రా వస్తుందా, రాదా?"

మేష్టారికి పండు గొంతుకి అడ్డం పడింది. మొన్న పరీక్షలో, గంటకి మూడు మైళ్ళు పోయే పడవ పన్నెండు మైళ్ళు ఎంతసేపట్లో పోతుందని అడిగితే, 'ఎదురుగాలి ఉంటే రేపటికి గానీ పోదు' అని రాసిన మహానుభావుడు వీర్రాజే. కానీ ఏం చేస్తారు? బుల్లిరాజుగారు స్కూలు కమిటీలో పెద్దమనిషాయె.

"రాకేమండీ! బంగారంలాంటి బుర్ర" అన్నారు మేష్టారు.

"విన్నావుటరా? ఇక భారమంతా మీదేనండి మేష్టారూ. మావాడు పాసయితే మీకు పట్టుపంచెలు పెడతాను. ఫెయిలయ్యాడంటే మటుకు, ఏమీ అనుకోకండేం, పై ఏటికి తమరు ఇంకో ఊళ్ళో ఉద్యోగం చూసుకోవాలండి" అని ఎంతో మర్యాదగా నవ్వారు బుల్లిరాజుగారు.

మేష్టారూ నవ్వారు పాపం. సగం తిన్న పండు మాత్రం కింద పెట్టేశారు.

"నాకొద్దు మామ్మా!" అని వీర్రాజు మళ్ళీ రాగం అందుకునేసరికి, బుల్లిరాజుగారి తల్లి సూరమ్మగారు లోపల్నించి విసురుగా వచ్చారు.

"చాల్చాల్లే, ఊరంతా వింటోంది. పువ్వులడుగుదాం. తెల్ల గన్నేరు ఒక పొట్లం, ఎర్ర గన్నేరు ఒక పొట్లం కట్టి స్వామి ముందు పెట్టండి. నేను కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాను. తెల్లది వస్తే ఆల్జీబ్రా, ఎర్రది వస్తే హిస్టరీ. చిన్నతిరుపతి వెంకన్న మాటే మాట. ఆ తరవాత ఎవరు నోరెత్తినా ఊరుకోను."

ఆ ఇంట్లో సూరమ్మగారికి ఎదురు చెప్పినవాడు లేడు. వీర్రాజు అప్పుడే పటం ముందు గుంజీలు మొదలుపెట్టాడు.

"పువ్వులు నేను కోసుకొస్తానమ్మా" అని బుల్లిరాజుగారు హుషారుగా పెరట్లోకి వెళ్ళారు. నూతి పక్కన రెండు గన్నేరు చెట్లూ విరగబూసి ఉన్నాయి. ఆయన అటూ ఇటూ చూశారు. రెండాకుల్లోనూ తెల్ల పువ్వే పెట్టి, అరటినారతో గట్టిగా కట్టేశారు. స్వామికి అంత శ్రమ ఎందుకని ఆయన ఉద్దేశం.

"తమరు బ్రాహ్మలు. మీ చేత్తో పటం ముందు పెట్టండి బాబూ" అన్నారు సూరమ్మగారు మేష్టారితో.

"అలాగేనమ్మా. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, వీటిమీద కూడా నాలుగు చుక్కలు చల్లుకొస్తాను" అని మేష్టారు పొట్లాలు పట్టుకుని వెళ్ళారు. తడికాళ్ళతో తిరిగొచ్చి, ఏదో మంత్రం గొణుక్కుంటూ వాటిని పటం ముందుంచారు.

సూరమ్మగారు కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి, ఒక పొట్లం తీసి విప్పారు.

ఎర్ర గన్నేరు!

"హిస్టరీ! హిస్టరీ!" వీర్రాజు దూలం అందుకునేలా గంతేశాడు.

బుల్లిరాజుగారి మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. తన చేత్తో పెట్టిన తెల్లపువ్వు ఎర్రగా ఎలా మారింది? స్వామికి నిజంగానే ఆగ్రహం వచ్చిందా? రెండో పొట్లం విప్పి చూద్దామని చెయ్యి చాపారు.

"హవ్వ! తప్పండీ!" అంటూ మేష్టారు దాన్ని గభాల్న అందుకుని కళ్ళకద్దుకున్నారు. "స్వామి చెప్పేశాక మళ్ళీ తరిచి చూడకూడదు. అపచారం. దారిలో కాలవలో కలిపేస్తాను లెండి."

"అవునురా బుల్లీ, ఆయన చెప్పినట్టు విను" అన్నారు సూరమ్మగారు. బుల్లిరాజుగారు నోరు తెరిచారు. ఏమని చెబుతారు? రెండూ తెల్లవే పెట్టానమ్మా అనా?

మేష్టారు సెలవు తీసుకుని అరుగుమీదికి వచ్చారు. బుల్లిరాజుగారు సాగనంపడానికి వెనకాలే వచ్చి, దిగాలుగా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డారు. చెప్పులు తొడుక్కుంటూ, మొహం తుడుచుకుందామని మేష్టారు కోటు జేబులోంచి రుమాలు లాగారు.

రుమాలుతోపాటు రెండు తెల్ల గన్నేరు పువ్వులు బుల్లిరాజుగారి పాదాల మీద పడ్డాయి.

"మీరా!" అన్నారు బుల్లిరాజుగారు.

"మెల్లిగానండీ, అమ్మగారు వింటారు" అన్నారు మేష్టారు, వంగి పువ్వులు ఏరుకుంటూ. "ఒక్క పువ్వు మారిస్తే చాలనుకున్నానండి. మీ ధర్మమా అని రెండూ మార్చాల్సొచ్చింది."