పెరుగుతున్న పాట

రాత్రయింది, తైపేలో కంప్యూటర్ కొట్ల వీధంతా మూతపడింది. పెద్ద కొట్లవాళ్ళు పారేయమన్న హార్డ్‌డిస్కును మరమ్మతులు చేసే క్వాన్‌మింగ్ ఇంకా వదలలేదు. అందులో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెడిపోయింది. చనిపోయిన తన కూతురి పాటలు ఆ డిస్కులోనే ఉన్నాయని ముసలావిడ గావో ఎదురుగా కూర్చునే ఉంది.

“యంత్రం మాట వినాలంటే పైన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టాలి పెద్దమ్మా. పసుపుది పెట్టావేం? చిన్నపిల్లాడికైనా తెలుసే!” అన్నాడు క్వాన్‌మింగ్, అక్కడివాళ్ళ నమ్మకం అది.

“మా అమ్మాయికి పసుపుదే ఇష్టం నాయనా.”

అంతలో ఒక పాట దొరికింది. తేదీ చూస్తే ఈ రాత్రిదే. నిడివి క్షణక్షణానికీ పెరుగుతోంది. క్వాన్‌మింగ్ డిస్కు తీగ పీకేశాడు. అయినా పెరుగుతూనే ఉంది. నిశ్శబ్దంలో స్పీకర్లోంచి ఆడపిల్ల గొంతు మెల్లగా వినిపించింది. ఏ దేవుడికీ మొక్కని క్వాన్‌మింగ్ టోపీ తీసి లేచి నిలబడ్డాడు.

“ఈ పాట నేనెప్పుడూ వినలేదు,” అంది గావో. “ఆపకు నాయనా. పాడనీ.”