నాలుగో బల్ల

"నాలుగో బల్ల దగ్గర చోటు దొరికితేనే నీకు మా అమ్మాయి. లేదంటే నీ దారి నువ్వు చూసుకో," అంది మోర్విద్, తడిసిన గొడుగు విదిలిస్తూ. నీళ్ళన్నీ క్లిఫర్డ్ ప్యాంటు మీద పడ్డాయి.

ఆ అమ్మాయికి మొన్న వేసవిలో యాభై ఎనిమిది నిండాయి. పేరు ఎలినెడ్. తల్లి పక్కనే నిలబడి మఫ్లరు కొస నలుపుకుంటోంది. తల్లి మాట జవదాటి ఎరగదు.

ఊరి చిన్న చర్చి, చాపెల్, వెనక గదిలో అక్కడి భాష వెల్ష్ తరగతుల కోసం నాలుగు బల్లలు వేశారు. మొదటిది వెల్ష్ బొత్తిగా రానివాళ్ళకి, నాలుగోది వెల్ష్‌లో పద్యాలల్లే ఘనులకి. కొత్తగా చేరేవాళ్ళని ప్రశ్నలడిగి ఎవరి బల్ల ఏదో తేల్చేది మెన్నా టీచరు. ఆమె ఎదుట కుర్చీలో క్లిఫర్డ్ కూర్చున్నాడు. ఇంగ్లండు నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ మనిషి. నిఘంటువు ముందేసుకుని ఒంటరిగా నేర్చుకున్న భాష. మోర్విద్‌తో మాట్లాడబోతే ఆవిడ ఠక్కున ఇంగ్లీషులోకి మారిపోయేది. ఇంకెవరితో మాట్లాడతాడు పాపం?

"మీ ఇంట్లో పాలు ఉన్నాయా?" అడిగింది మెన్నా.

"ఉన్నాను," అన్నాడు క్లిఫర్డ్.

గది గొల్లుమంది. వెల్ష్‌లో అన్నింటికీ ఒకే 'అవును' పనికిరాదు మరి. అడిగిన తీరును బట్టి జవాబు ఉండాలి.

"పాలు లేవటే, వీడే ఉన్నాడట!" మోర్విద్ పొట్ట పట్టుకుంది. "ఒకటో బల్ల, మెన్నా! ఇంకా ఆలోచిస్తావేం?"

"అమ్మా, ఊరుకోవే!"

"నేనేమన్నానే? పాలచెంబుకి పిల్లనివ్వమంటావా?"

క్లిఫర్డ్ ఎలినెడ్ వైపు చూశాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆమె దక్కకపోతే ఈ ఊళ్ళో తనకి వాన తప్ప ఏమీ మిగలదు.

మెన్నాకి జాలేసింది. "కంగారుపడ్డారు లెండి. ఇవి చూడండి," అంటూ ఒక బొమ్మ ఎత్తి చూపించింది. ఫ్రిజ్ బొమ్మ.

"శీతలపేటిక," అన్నాడు క్లిఫర్డ్.

మెన్నా కనుబొమలు పైకి లేచాయి. మైక్రోవేవ్ బొమ్మ తీసింది.

"సూక్ష్మతరంగ చుల్లి."

"నిన్న ఏం చేశారు?"

"నిన్నటి దినమున నేను విపణికేగి, క్షీరమును గొని, వర్షమున తడిసి, గృహమునకు మరలివచ్చితిని."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. నాలుగో బల్ల దగ్గరున్న ముసలాయన కళ్ళజోడు సర్దుకుని ఇటు తిరిగాడు.

"ఆఖరి ప్రశ్న. మీకు కాబోయే అత్తగారు ఎక్కడ పుట్టారు?"

ఆవిడ ట్రెగారన్‌లో పుట్టింది. కానీ వెల్ష్‌లో ముందున్న మాటని బట్టి వెనక మాట మొదటి అక్షరం వేషం మార్చేస్తుంది. క్లిఫర్డ్ ఊపిరి బిగబట్టి, నాలుక మడతేసి, "న్‌హ్రెగారన్‌లో," అన్నాడు.

మెన్నా కుర్చీలోంచి లేచిపోయింది. "భేష్! నాలుగో బల్ల!"

ఎలినెడ్ పరుగున వచ్చి అతన్ని వాటేసుకుంది. క్లిఫర్డ్ ఏడ్చేశాడు, సిగ్గుపడకుండా.

"ఆగండాగండి," అంది మోర్విద్. "న్‌హ్రెగారన్ ఏమిటి? అది ఏ దేశంలో ఉంది? పుట్టిందాన్ని నేనుండగా వీడు చెబుతాడా? లే అక్కణ్ణుంచి! నన్నడుగు మెన్నా, వెల్ష్ అంటే ఏమిటో ఈయనగారు వింటాడు."

"మీకు పరీక్షేమిటండీ? ఊయల్లో ఉన్నప్పట్నుంచీ మాట్లాడుతున్నారు."

"అడగమన్నానా?"

మెన్నా బెరుకుగా బొమ్మ ఎత్తింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్న మనిషి.

"ఫ్రిజ్," అంది మోర్విద్.

"ఇది?"

"టింగు పొయ్యి. టింగుమంటుందిగా."

"ఎక్కడ పుట్టారు?"

"ట్రెగారన్‌లో."

"న్‌హ్రెగారన్‌లో అనాలండీ."

"పుట్టింది నువ్వా, నేనా?"

"మీరేననుకోండి. కానీ వ్యాకరణం ప్రకారం మీరు అక్కడ పుట్టలేదు."

మెన్నా క్లిఫర్డ్ వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, చివరికి నేల చూపులు చూస్తూ చెప్పేసింది. "ఒకటో బల్లండీ. ఏమీ అనుకోకండి. అందరికీ ఒకటే రూలు."

గొడుగు ఎవరి నెత్తిన పడుతుందోనని క్లిఫర్డ్ రెండడుగులు వెనక్కి వేశాడు. మోర్విద్ మాత్రం నెమ్మదిగా వెళ్ళి ఒకటో బల్ల దగ్గర కూర్చుంది. పళ్ళెంలోంచి ఎండుద్రాక్షల రొట్టె ముక్క తీసుకుని కొరికింది.

ఇదే మంచి సమయం అనిపించింది క్లిఫర్డ్‌కి. ఎలినెడ్ చెయ్యి పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, తను కంఠతా పట్టిన వాక్యం తొణక్కుండా అప్పగించాడు. "మాతృమూర్తీ, నిబంధన నెరవేరినది గావున తమ తనయను నాకొసంగి ధన్యుని గావింపుడు."

మోర్విద్ నమలడం ఆపి కూతురికేసి చూసింది. "ఏమంటున్నాడే?"

"నన్నిచ్చి పెళ్ళి చెయ్యమంటున్నాడే అమ్మా. నాలుగో బల్ల వచ్చిందిగా!"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"అంత పెద్ద బల్ల సంబంధం మనకెందుకే? వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి. ఇదుగో, నా బల్ల దగ్గర పెళ్ళికాని మగాడెవడైనా ఉన్నాడేమో చూడు."