తగ్గిన పొడి, పెరిగిన అంకె

“మా, నా డబ్బాలో చెయ్యి పెడతాండేది ఎవురు?”

జయచంద్ర వంటింటి గడపలో నిలబడి డబ్బాను ఊపాడు. అందులో ఉన్నది క్రియాటిన్. కండలు పెరుగుతాయని పుంగనూరు జిమ్‌లో చెబితే కొన్నాడు. తను వాడేదానికన్నా తొందరగా తరిగిపోతోంది.

“ఎవురికి కావాల నీ సున్నం పొడి?” వెంకటలక్ష్మమ్మ రాగిపిండి జల్లిస్తూ అంది. “ఒకడికి కిడ్నీలు పోయినాయని నేను ఏడస్తాంటే, అది మింగి నువ్వు రెండోవాడివి అవుతావా?”

“దీంతో కిడ్నీలు పోవు మా. ఊరికే భయపడతావు.”

“పోకముందు మీ అన్న కూడా అట్లే అన్నాడు.”

హాల్లో మంచం మీద మునికుమార్ ఈ మాటలు వింటూనే ఉన్నాడు. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు అతన్ని మదనపల్లె తీసుకెళ్లి వస్తున్నారు. కిడ్నీ మార్చకపోతే ఎక్కువ కాలం లాగలేడని డాక్టర్లు చెప్పేశారు. తల్లికి షుగరు. జయచంద్రది సరిపోయేదే కానీ, “పెండ్లి కావాల్సినోడు, వాని జోలికి పోవద్దండి” అంది వెంకటలక్ష్మమ్మ.

మునికుమార్ భార్య సంగీతది కూడా సరిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ ఆపరేషన్ గురించే మాట్లాడారు. ఇస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. మొగుడు కూడా అడగలేదు. అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

కుప్పంలో పుట్టింటికి ఫోన్ చేసి చూసింది. “తాళి కట్టినోడికి కాకుండా ఇంకెవురికి ఇస్తావమ్మా?” అన్నాడు తండ్రి గంగులప్ప. ఆ తలుపూ మూసుకుంది.

దేవుడి గూడు మంచం పక్క గోడలోనే ఉంది. ఆ మధ్య ఒక సాయంత్రం దీపం పెట్టి, “స్వామీ, భయంగా ఉండాది. భవ్య ఇంకా పసిబిడ్డ. వద్దని చెప్పే నోరు నాకు లేదు” అని గొణుక్కుంది. తిరిగి చూస్తే మునికుమార్ కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు.

అతను నీళ్లు కూడా కొలతగా తాగాలి. మధ్యాహ్నం మజ్జిగ ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు ఆమెకే ఇచ్చేస్తాడు. ఆ ఇంట్లో మొగుడి ఎంగిలి ప్రసాదంతో సమానం. పారబోయడమన్నది లేదు, ఆమే తాగేస్తుంది.

బెంగళూరులో డాక్టరు ఆమె కొత్త రిపోర్టు చూసి నొసలు ముడిచాడు.

“రక్తంలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పెరిగే అంకె ఇది. మొదటిసారి ఇంత లేదే. జిమ్ పొడులు ఏమైనా వాడుతున్నారా అమ్మా?”

“నేనా సార్?” సంగీతకు ఏడుపులో నవ్వొచ్చింది.

“క్రియాటిన్ అని ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మితంగా వాడితే కిడ్నీకి హాని చేసేది కాదు. కానీ రక్తంలో ఈ అంకెను పెంచి చూపిస్తుంది. అసలు సంగతి తేలేదాకా నేను మీ కిడ్నీ తీసుకోలేను. ఒక నెల పోయాక రండి.”

వెంకటలక్ష్మమ్మ కోడలి వైపు తిరిగి చూసింది.

ఇంటికి రాగానే దేవుడి ముందు కర్పూరం వెలిగించింది. “చెయ్యి పెట్టి చెప్పు. నా కొడుక్కి ఇయ్యకూడదనే కదా ఆ పొడి మింగింది?”

“నేను ముట్టలేదత్తా.”

“తీసుంటే చెప్పు వదినా, నేనేమీ అనుకోను” అన్నాడు జయచంద్ర తల వంచుకుని.

సంగీత మంట మీద చెయ్యి పెట్టింది. “నా బిడ్డ మీద ఒట్టు. ముట్టలేదు.”

“ఇంక సాలు మా” అన్నాడు మునికుమార్ మంచం మీంచి. “ఆయమ్మి తీసుండదు.”

“నీకేం తెలుసు? నువ్వు పండుకో.”

అతను గోడవైపు తిరిగాడు.

డబ్బా బీరువాలోకి వెళ్లింది. తాళంచెవి వెంకటలక్ష్మమ్మ నడుముకు చేరింది. సంగీత ఎటూ కదల్లేని చోట నిలబడిపోయింది. ఈసారి అంకె తగ్గితే తను దొంగ, ఆపైన కత్తి. తగ్గకపోతే తను కూడా రోగిష్టి. అబద్ధమాడలేదని దేవుడికి తెలుసు. తెలిసి ఊరుకున్నాడెందుకో ఆమెకు అర్థం కాలేదు.

మరుసటి మధ్యాహ్నం మొగుడికి మజ్జిగ ఇచ్చి, చెయ్యి మండుతుంటే కొబ్బరినూనె రాసుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేలోగా మునికుమార్ రెండు గుక్కలు తాగి, దిండు కింద దాచుకున్న పొట్లం విప్పి, ఆ తెల్లటి పొడిని మిగిలిన మజ్జిగలో బాగా కరిగేదాకా వేలితో కలిపాడు.